గంజాయి, డ్రగ్స్, మందు కల్లు కేసులు: నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ హైవే కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోతుంది. బెంగళూరు హైవే అలంపూర్ చౌరస్తా, కొత్తకోట, జడ్చర్ల మీదుగా పోతుంది. గుంటూరు నుంచి సికింద్రాబాద్ పోయే రైళ్లు మిర్యాలగూడ, నల్లగొండ స్టేషన్లలో ఆగుతాయి. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి ఈ దారుల్లో తరచూ పట్టుబడుతూనే ఉంటుంది. కోర్టు వరండాలో బేడీలతో నిలబడేది మాత్రం ఆ సరుకు యజమాని కాదు. మన ఊరి పిల్లవాడో, మన ఊరి డ్రైవరో నిలబడతాడు. అరెస్టయ్యాక ఆ ఇళ్లవాళ్లు అడిగే ప్రశ్నలకు ముందే జవాబు తెలిసి ఉంటే సగం కేసులు పుట్టేవే కావని నా నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను. ఇది మీ కేసుకు లాయరు సలహా కాదు. చట్టం ఎలా నడుస్తుందో చెప్పే ప్రయత్నం మాత్రమే.

తెలంగాణకు వేరే డ్రగ్స్ చట్టం ఉందా?

ప్రధానమైన చట్టం కేంద్రానిదే. మత్తు పదార్థాల మీద 1985లో చేసిన దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం అంటారు. దేశమంతటికీ ఒకటే. దాన్ని అమలు చేసేది మాత్రం ఎక్కువగా మన రాష్ట్ర పోలీసులు, ఎక్సైజ్ శాఖ. 2025 జూన్ నుంచి ఈగల్ అనే ప్రత్యేక విభాగం కూడా పనిచేస్తోంది. అంతకు ముందు ఉన్న యాంటీ నార్కోటిక్స్ బ్యూరోనే ఆ పేరుతో మార్చారు.

దీనికి తోడు రాష్ట్ర చట్టాలు రెండు ఉన్నాయి. ఒకటి 1968 నాటి ఎక్సైజ్ చట్టం. కల్లు కల్తీ కేసులు దీని కిందికి వస్తాయి. రెండోది 1986 నాటి పీడీ యాక్ట్. నేరం రుజువు కాకముందే ఏడాది వరకు జైల్లో ఉంచగలిగే చట్టం అది. ఒకే మనిషి మీద ఎన్‌డీపీఎస్ కేసు, పీడీ ఆర్డరు రెండూ పడొచ్చు.

పట్టుబడితే శిక్ష ఎంత?

అంతా బరువు మీద ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాది అర్థమవుతుంది.

ప్రతి మత్తు పదార్థానికి కేంద్రం రెండు హద్దులు పెట్టింది. కింది హద్దులోపు ఉంటే కొద్ది పరిమాణం, పై హద్దు దాటితే వాణిజ్య పరిమాణం. పోలీసులు, లాయర్లు దాన్ని కమర్షియల్ క్వాంటిటీ అనే అంటారు. రెంటికీ నడుమ ఉండేది మధ్యస్థం. గంజాయికి కింది హద్దు 1 కిలో, పై హద్దు 20 కిలోలు.

కిలో లోపు పట్టుబడితే ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కిలోకు, 20 కిలోలకు మధ్య అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఇక్కడ కనీస శిక్ష లేదు కాబట్టి ఎన్నేళ్లన్నది జడ్జి చేతిలో ఉంటుంది. 20 కిలోలు దాటితే జడ్జికి ఆ వెసులుబాటు పోతుంది. తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్లు. జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు, కారణాలు రాసి అంతకన్నా ఎక్కువ కూడా వేయొచ్చు. "మొదటి తప్పు, చిన్న వయసు, ముసలి తల్లి" అని ఎంత మొత్తుకున్నా పదేళ్ల కన్నా దిగడానికి లేదు. మామూలు ఖైదీలకు వచ్చే శిక్ష తగ్గింపులు కూడా ఈ చట్టం కింద శిక్ష పడినవాళ్లకు వర్తించవని సెక్షన్ 32ఏ చెబుతోంది. ఒక్క సేవించిన కేసుకే అందులో మినహాయింపు.

మిగతా వాటి హద్దులు గంజాయికన్నా ఎంతో చిన్నవి. గంజాయి మొక్క బంకతో చేసే చరస్‌కు 100 గ్రాములు, 1 కిలో. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. ఎండీఎంఏ అనే పార్టీ డ్రగ్‌కు అర గ్రాము, 10 గ్రాములు. హైదరాబాద్‌లో చదివే పిల్లలు ఈ చివరిది గమనించాలి. ఫ్రెండ్స్ అందరి కోసం ఒకడు కొని జేబులో వేసుకున్న చిన్న కవరు 10 గ్రాములు దాటితే, 20 కిలోల గంజాయి మూట మోసినవాడి వరసలోనే నిలబడతాడు.

ఇంకో సంగతి. పొడిలో చక్కెరో, మరేదో కలిపి ఉంటే అసలు మందు బరువే లెక్క అనుకుంటారు చాలామంది. కాదు. మొత్తం మిశ్రమం బరువు లెక్కలోకి వస్తుందని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం తేల్చింది.

"నేను అమ్మలేదు, నా దగ్గర దాచమన్నారంతే." తేడా ఉండదా?

ఉండదు. కొనడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం, రవాణా చేయడం అన్నిటికీ గంజాయి సెక్షన్‌లో ఒకటే శిక్ష. పైగా సరుకు మీ దగ్గర దొరికితే, అది మీకు తెలిసే ఉందని కోర్టు ముందుగా అనుకుంటుంది. తెలియదని నిరూపించుకోవలసింది మీరే. మామూలు దొంగతనం కేసులో నేరాన్ని మొదటి నుంచి చివరి దాకా పోలీసులే నిరూపించాలి. ఇక్కడ సరుకు మీ స్వాధీనంలో ఉందని వాళ్లు చూపించాక నిరూపించే భారం మీ మీదికి మారుతుంది.

ఒక బ్యాగు సికింద్రాబాద్‌లో దింపితే డబ్బులిస్తామన్నారు. లోపల ఏముందో చూడలేదు. ఇది కూడా నేరమా?

ఈ ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఈ ప్రాంతంలో బతుకులు పోతున్నది ఎక్కువగా ఇక్కడే.

జరిగే తీరు ఇలా ఉంటుంది. సరుకును రెండేసి కిలోల చొప్పున అచ్చుపోసి, బ్రౌన్ టేపు గట్టిగా చుట్టి, వాసన రాకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, పైన బట్టలు సర్దుతారు. రైల్లోనో బస్సులోనో వెళ్లేవాడికి ఒక బ్యాగు, ఒక ఫోన్ నంబరు ఇస్తారు. కార్లలో అయితే సీటు కింద, డిక్కీలో అరలు చేసి పెడతారు. ముందు ఇంకో బండి పోతూ చెకింగ్ ఉందా లేదా అని ఫోన్‌లో చెబుతుంది. పైలటింగ్ అంటారు దాన్ని. బ్యాగు ఇచ్చినవాడి అసలు పేరు మోసేవాడికి తెలియదు. దిగాక ఎవరు తీసుకుంటారో తెలియదు.

పట్టుబడిన రోజున చట్టం ముందు సరుకుతో ఉన్నది అతనొక్కడే. కూలి ఎంత ఇస్తామన్నారన్నది శిక్షలో లెక్కకు రాదు. రెండేసి కిలోల కట్టలు పదకొండు ఉంటే 22 కిలోలు, అంటే కమర్షియల్. శిక్ష పదేళ్లు మొదలు. బ్యాగు ఇచ్చినవాడు దొరికితే అతనికీ అంతే శిక్ష. దొరికితే. ముందు పైలటింగ్ చేసినవాడి మీద, డబ్బు పెట్టినవాడి మీద కూడా కుట్ర సెక్షన్ 29, పెట్టుబడి సెక్షన్ 27ఏ ఉన్నాయి. 27ఏ కింద కూడా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లే. కాని వాళ్ల దాకా దర్యాప్తు పోవాలంటే ఫోన్ రికార్డులు, ఫోన్‌పే లావాదేవీలు అన్నీ దొరకాలి. సరుకు యజమాని తన పేరు మీద ఏదీ ఉంచుకోడు. మోసేవాడి సొంత ఫోను, సొంత అకౌంటు, సొంత ఆధార్ మాత్రం అన్నిచోట్లా ఉంటాయి.

"చూడలేదు" అన్న మాట కోర్టులో నిలబడాలంటే చూడకపోవడానికి నమ్మదగ్గ కారణం ఉండాలి. టికెట్ ఖర్చు పెట్టి, తిండి పెట్టి, ఒక్క బ్యాగు దింపినందుకు నెల జీతమంత ఇస్తామన్నారంటే ఎందుకో మీకు తట్టలేదా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు అరుదు. కాబట్టి మీ తమ్ముడో, మేనల్లుడో వైజాగ్ వైపు "చిన్న పని" ఉందని, ఒక్క ట్రిప్పుకు ఇంత ఇస్తారని చెబితే ఆ రోజే కూర్చోబెట్టి మాట్లాడండి. గొడవైనా ఫర్వాలేదు.

ఫ్రెండ్ కారులో వెళ్తుంటే డిక్కీలో సరుకు దొరికింది. నలుగురి మీదా కేసు పెట్టారు. న్యాయమేనా?

కేసు పెట్టడం మామూలే. శిక్ష పడాలంటే మాత్రం సరుకు సంగతి మీకు తెలుసని, దాని మీద మీకు అదుపు ఉందని తేలాలి. లిఫ్ట్ అడిగి ఎక్కినవాడికీ, నాలుగు రోజులుగా వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతున్నవాడికీ తేడా ఉంటుంది. ఎక్కడ ఎక్కారు, ఎందుకు ఎక్కారు, టికెట్, లొకేషన్, చాటింగ్ ఏది ఉన్నా మొదటి రోజే లాయరుకు ఇవ్వండి. ఫోన్‌లో ఏదీ చెరిపేయొద్దు. చెరిపితే మీకు పనికొచ్చేది కూడా పోతుంది.

ఆకు, గింజలు కూడా గంజాయేనా?

చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా వట్టి ఆకు, వట్టి గింజ దానిలోకి రావు. అయితే పట్టుబడే మూటల్లో కొన, ఆకు, కాడ అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి ఈ వాదన బరువు దగ్గర, ల్యాబ్ రిపోర్టు దగ్గర మాత్రమే పనికొస్తుంది.

పత్తి చేలో నాలుగు మొక్కలు మొలిచాయి. దానికీ కేసా?

పెంచారని తేలితే కేసే. సాగుకు బరువు హద్దులు లేవు. ఎన్ని మొక్కలైనా పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. కంది, పత్తి చేలలో నడుమ సాళ్లలో వేస్తే ఎవరికీ కనబడదని చెప్పే దళారుల మాట వినొద్దు. మీ పొలం కౌలుకు ఇచ్చి ఉంటే అప్పుడప్పుడు పోయి చూడండి. మీ భూమిలో గంజాయి ఉందని తెలిస్తే వెంటనే పోలీసులకో, ఎక్సైజ్ వాళ్లకో చెప్పడం భూమి యజమాని బాధ్యత అని సెక్షన్ 46 అంటోంది. తెలిసీ చెప్పకపోతే అదే శిక్షార్హం. తానే మొలిచిన మొక్క అయితే పీకేసే ముందు నలుగురికి చూపించి, ఫొటో తీసి, స్టేషన్‌లో చెప్పండి.

కల్లులో మందు కలిపితే ఏ చట్టం?

పాలమూరులో ఈ ప్రశ్న గంజాయి కన్నా పాతది. చెట్టు మీద నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు సరిపోక, నీళ్లలో చక్కెర, శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం (డయాజిపాం), అల్ప్రాజోలం కలిపే వ్యాపారం ఏళ్లుగా నడిచింది. గీత కార్మికుడు కష్టపడి చెట్టెక్కి దించే కల్లుకు దీనితో సంబంధం లేదు. ఈ వ్యాపారం వల్ల వాళ్లకే ఎక్కువ చెడ్డపేరు, ఎక్కువ నష్టం.

అల్ప్రాజోలం, డైజోఫాం రెండూ ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తాయి. అల్ప్రాజోలానికి హద్దులు 5 గ్రాములు, 100 గ్రాములు. డైజోఫాంకు 20 గ్రాములు, అర కిలో. శిక్ష మెట్లు గంజాయికి చెప్పినవే. కల్లు దుకాణం వెనక గదిలో 100 గ్రాములు దాటిన అల్ప్రాజోలం పొడి ప్యాకెట్ దొరికితే, ప్యాకెట్ చిన్నదే, కాని పదేళ్లు మొదలు. దుకాణం నడిపేవాళ్లు చాలామంది దీన్ని ఇప్పటికీ ఎక్సైజ్ ఫైను కట్టి బయటపడే కేసు అనుకుంటున్నారు. ఆ రోజులు పోయాయి. ఎక్సైజ్ చట్టం కింద కల్తీ కేసు, లైసెన్సు రద్దు విడిగా ఉంటాయి. మనిషి చనిపోతే ప్రాణం తీసిన నేరానికి ఇంకా పెద్ద సెక్షన్లు వచ్చి చేరతాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయాక ఈ దాడులు మరింత పెరిగాయి.

తాగేవాళ్ల ఇళ్లకు ఒక మాట. ఏళ్లుగా మందు కల్లు తాగుతున్న మనిషికి ఒక్కసారిగా కల్లు ఆపేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ రావడం జరుగుతాయి. 2015లో ప్రభుత్వం కల్తీ మీద గట్టిగా దిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఇలాంటి వాళ్లతో ఆసుపత్రులు నిండిపోయాయి. దయ్యం పట్టిందని తిప్పకండి, మంచానికి కట్టేయకండి. నేరుగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకుపోయి, "మందు కల్లు అలవాటు, రెండు రోజుల నుంచి తాగలేదు" అని డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పించే వైద్యం ఉంది. తాగినవాడి మీద కేసు పెడతారేమో అన్న భయంతో ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు రాసిన నిద్రమాత్రలు ఇంట్లో ఉంటే తప్పా?

తప్పు కాదు. సొంత వైద్యం కోసం ఒకసారికి 100 మాత్రల వరకు ఉంచుకోవచ్చు. ఎక్కువ కాలం వాడాలని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే 300 వరకు. చీటీ దాచుకోండి. మెడికల్ షాపువాళ్లు చీటీ లేకుండా అల్ప్రాజోలం, కోడిన్ సిరప్ అమ్మితే మాత్రం లైసెన్సు పోవడంతో ఆగకపోవచ్చు.

గంజాయి, డ్రగ్స్ వాడినవాడికి కూడా జైలేనా?

సెక్షన్ 27. గంజాయి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. కొకైన్, హెరాయిన్, మార్ఫిన్ అయితే ఏడాది, 20,000. అలవాటుపడిన మనిషిని జైలుకు కాకుండా వైద్యానికి పంపే అధికారం సెక్షన్ 39 కింద కోర్టుకు ఉంది.

మా అబ్బాయికి అలవాటైంది. ఎవరికైనా చెబితే కేసవుతుందేమోనని టెన్షన్. ఏం చేయాలి?

ఈ భయంతోనే తల్లిదండ్రులు ఒకటి రెండేళ్లు దాచిపెడతారు. ఆ లోపల పిల్లవాడు తాగడానికి డబ్బులు చాలక అమ్మడం మొదలుపెడతాడు. చిన్న పొట్లాలు కట్టి కాలేజీ దగ్గర, క్రికెట్ గ్రౌండు దగ్గర ఇస్తాడు. అప్పుడు మీరు కాపాడగలిగింది చాలా తగ్గిపోతుంది.

చట్టంలో దీనికి దారి ఉంది. సెక్షన్ 64ఏ. అలవాటుపడిన మనిషి తనంతట తానే ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో వైద్యానికి ఒప్పుకుని, చికిత్స మధ్యలో వదలకుండా పూర్తి చేస్తే, సేవించిన నేరానికి, కొద్ది పరిమాణం నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కాబట్టి చేరిన రోజు చీటీ, మందుల చీటీలు, డిశ్చార్జి కాగితం అన్నీ ఫైలులో పెట్టండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లి మొదలుపెట్టండి. పెద్ద ఇబ్బంది అయితే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. ఎవరితోనైనా ఫోన్‌లో మాట్లాడాలంటే 14446 నంబరు. కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ అది. ఊరు పేరు చెప్పకుండా ఆటో ఎక్కించి ఎక్కడో ప్రైవేటు సెంటర్‌లో వేసి గొలుసు వేయించే పని మాత్రం చేయకండి. గుర్తింపు లేని చోట చేరితే వైద్యమూ ఉండదు, 64ఏ రక్షణా ఉండదు.

అబ్బాయికి పద్దెనిమిది నిండలేదు.

అయితే కేసు జువైనల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. మామూలు జైలుకు పంపరు. కాని పదహారు నిండి, కమర్షియల్ పరిమాణం కేసైతే, కనీస శిక్ష ఏడేళ్లు దాటే నేరం కాబట్టి పెద్దవాళ్లలా విచారించాలా అని బోర్డు పరిశీలించవచ్చు. వయసు రుజువుకు పదో తరగతి మెమో మొదటి రోజే చూపించండి. పిల్లల చేత మోయించినవాళ్లకు, అమ్మించినవాళ్లకు జువైనల్ చట్టం సెక్షన్ 78 కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా విడిగా ఉన్నాయి. పిల్లలకు మత్తు ఇచ్చినా అంతే. ఎన్‌డీపీఎస్ కింద శిక్ష వేసేటప్పుడు కూడా పిల్లల్ని వాడుకోవడాన్ని, స్కూలు కాలేజీ పరిసరాల్లో అమ్మడాన్ని జడ్జి మరింత తీవ్రంగా చూడొచ్చు. చూడాలి కూడా.

బెయిల్ ఎన్ని రోజులకు వస్తుంది?

కొద్ది పరిమాణం అయితే సాధారణంగా కష్టం కాదు. చాలాసార్లు నోటీసు ఇచ్చి పంపుతారు. మధ్యస్థం అయితే పరిస్థితిని బట్టి. కమర్షియల్ అయితే సెక్షన్ 37 అడ్డం వస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికి వస్తే మళ్లీ చేయడని రెండూ జడ్జికి నమ్మకం కుదిరితే తప్ప బెయిల్ ఇవ్వకూడదు. విచారణ మొదలుకాకముందే నిర్దోషిలా కనబడాలన్న మాట. నెలలు, ఒక్కోసారి ఏళ్లు లోపలే గడుస్తాయి. కమర్షియల్ కేసులో ఛార్జిషీటు 180 రోజుల్లో వేయాలి. ప్రాసిక్యూటర్ కారణాలు చూపిస్తే కోర్టు ఏడాది దాకా పొడిగించవచ్చు. గడువు దాటితే బెయిల్ హక్కు వస్తుంది, కాని అడగాలి. ఛార్జిషీటు పడ్డాక అడిగితే ఆ హక్కు ఉండదు. అందుకే ఆ తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోమని ప్రతి ఇంటివాళ్లకూ చెబుతాను.

"ఇంత ఇస్తే వారంలో బయటికి తెస్తా" అనే మధ్యవర్తులను నమ్మి పొలం అమ్ముకోవద్దు.

సోదా చేసేటప్పుడు ఏం గమనించాలి?

ఒంటిని వెతికే ముందు గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేట్ ముందో సోదా జరిపించుకునే హక్కు మీకుందని వాళ్లు చెప్పాలి. ఇది ఒంటి మీది సోదాకే, చేతిలోని బ్యాగుకు కాదు. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. చీకటి పడ్డాక ఇంట్లోకి రావాలంటే వారంటు ఉండాలి, లేదా లేకుండా ఎందుకు వస్తున్నారో రాసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి.

పంచనామా కాగితాన్ని నిదానంగా చదవాలి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎన్ని కట్టలు, ఒక్కో కట్ట ఎంత తూగింది, కవరుతో కలిపి తూచారా, కవరు తీసి తూచారా, సీలు ఎవరిది, పంచులు (సాక్షులు) ఎవరు. కవర్లు, టేపులతో కలిపి 20 కిలోల 600 గ్రాములు తూగిన సరుకు వాటిని తీసేస్తే 20 లోపుకు రావచ్చు. ఆ కొన్ని వందల గ్రాముల దగ్గర పదేళ్లు ఆగి ఉంటాయి. తర్వాత మేజిస్ట్రేట్ ముందు జాబితా తయారుచేసి అక్కడే సాంపిళ్లు తీయాలి. గంజాయి అయితే 24 గ్రాముల చొప్పున రెండు. ఈ పనులు సరిగా చేయకపోతే కేసు బలహీనపడుతుంది. నిజాయితీగా పట్టుకున్న కేసు కూడా ఈ కాగితాల దగ్గర పోతుంది. కాబట్టి ఈ నియమాలు పోలీసులకూ మేలే చేస్తాయి.

తెల్ల కాగితం మీద సంతకం ఎవరు అడిగినా పెట్టొద్దు.

పట్టుబడ్డవాడెవడో నా పేరు చెప్పాడట.

పోలీసులకో, ఎక్సైజ్ అధికారికో ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఆధారంగా మిమ్మల్ని పిలిచి విచారించవచ్చు. శిక్ష పడాలంటే ఫోన్ కాల్స్, డబ్బు లావాదేవీ, సరుకు ఏదో ఒకటి తోడు కావాలి. పారిపోకండి. నోటీసు వస్తే లాయరుతో మాట్లాడి హాజరు కండి.

మా బండిని కిరాయికి ఇచ్చాం. సరుకుతో పట్టుకున్నారు. బండి పోయినట్టేనా?

పోవచ్చు. బండి అలా వాడుతున్నారని మీకు గాని, మీ ఏజెంటుకు గాని, నడిపేవాడికి గాని తెలియదని, ముగ్గురూ తగిన జాగ్రత్త తీసుకున్నారని మీరు నిరూపించాలి. డ్రైవరుకు తెలిస్తే ఓనరుకు చిక్కే. కేసు తేలేదాకా బండిని మధ్యంతరంగా విడుదల చేయడానికి చట్టంలో అడ్డేమీ లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పిటిషన్ ఆలస్యం చేస్తే బండి స్టేషన్ ఆవరణలో ఎండకు, వానకు పాడైపోతుంది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. సెల్ఫ్ డ్రైవ్‌కు కార్లు ఇచ్చేవాళ్లు లైసెన్సు, ఆధార్ కాపీలు, అగ్రిమెంటు, జీపీఎస్ రికార్డు దగ్గర పెట్టుకోవాలి.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు, లాడ్జివాళ్లకు?

తెలిసీ వాడనిస్తే సరుకు పెట్టినవాడికి ఎంత శిక్షో అంతే. సెక్షన్ 25. తెలియకపోతే లేదు. అద్దె కాగితం, గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి.

ఆస్తులు కూడా జప్తు చేస్తారా?

డ్రగ్స్ డబ్బుతో కొన్నవని అనుమానం ఉంటే స్తంభింపజేస్తారు. భార్య పేరు మీద, బంధువుల పేరు మీద ఉన్నా సరే. మీ సంపాదనతో కొన్నదైతే లెక్కలు చూపించే బాధ్యత మీది.

పీడీ యాక్ట్ అంటే ఏమిటి? ఎప్పుడు పెడతారు?

డ్రగ్స్ అమ్ముతూ పదే పదే పట్టుబడుతున్నాడని, బయట ఉంటే జన జీవనానికే ముప్పు అని ఎస్పీ నివేదిక పంపితే కలెక్టర్ నిర్బంధ ఉత్తర్వు ఇస్తారు. ఇది శిక్ష కాదు, ముందు జాగ్రత్త నిర్బంధం. అందుకే బెయిల్ అన్న మాట ఉండదు. ఎందుకు పట్టుకున్నారో అయిదు రోజుల్లోగా కాగితం ఇవ్వాలి. 12 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించాలి. మూడు వారాల్లోగా సలహా మండలి ముందు పెట్టాలి. మండలి ఏడు వారాల్లోగా అభిప్రాయం చెప్పాలి. తగిన కారణం లేదంటే వదిలేయాలి. ఉందంటే గరిష్ఠంగా 12 నెలలు.

కుటుంబం చేయవలసింది ఆ కాగితం తేదీలు చూడటం, ప్రభుత్వానికి అర్జీ పెట్టడం, హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించమనే పిటిషన్) వేయడం. మామూలు శాంతిభద్రతల సమస్యకు ఈ చట్టం వాడకూడదని తెలంగాణ కేసుల్లోనే సుప్రీంకోర్టు 2022, 2023, 2024లలో గట్టిగా చెప్పింది. పిల్లల దగ్గర మత్తు అమ్మి బతికేవాడి మీద నాకు జాలి లేదు. అయినా విచారణ లేకుండా ఏడాది లోపల పెట్టే అధికారం జాగ్రత్తగా వాడాలన్న ఆ తీర్పులు సరైనవే.

రెండోసారి దొరికితే?

అంతకు ముందు శిక్ష పడి ఉంటే గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఇరవై ఏళ్లు ముప్పై అవుతాయి.

లాయరుకు డబ్బు లేదు.

జైల్లో ఉన్నవాళ్లకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు దొరుకుతాడు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. ఫోన్ నంబరు 15100.

మా వాడలో అమ్ముతున్నారు. చెబితే మా పేరు బయటపడుతుందా?

సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని కోర్టు కూడా బలవంతపెట్టడానికి లేదు. సెక్షన్ 68 ఆ మాటే అంటోంది. ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1908. కేంద్రం నడిపే నంబరు 1933. ఎక్కడ, ఏ టైముకు, ఏ బండి మీద వస్తున్నారో చెబితే చాలు. మీరు పోయి వీడియో తీయాల్సిన పని లేదు. పాత పగతో అబద్ధపు సమాచారం ఇచ్చి ఒకరిని ఇరికిస్తే మాత్రం ఇచ్చినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు ఉంది.